వీధికి తెలుసు, రికార్డుకే తెలియదు

ఏదైనా ఘోరం జరిగిన మర్నాడు ఆ వీధిలో ఎవర్ని కదిపినా ఒకే మాట వస్తుంది: "ఎప్పుడో ఒకరోజు ఇలా అవుతుందని మాకు ముందే తెలుసండి". అందులో అబద్ధమేమీ ఉండదు. ఆ మలుపులో లైటు వెలగడం లేదని, పాడుబడ్డ నేలబావి గట్టు కూలిపోయిందని, కరెంటు తీగ చేతికందేంత కిందికి వేలాడుతోందని, ఫలానా ఇంట్లో ముసలావిడ ఒక్కతే ఉంటోందని నిజంగానే అందరికీ తెలుసు. తెలియనిదల్లా పంచాయతీకి, కరెంటు ఆఫీసుకి, పోలీస్ స్టేషన్‌కి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరి భద్రత అనగానే కెమెరాలు, గస్తీలు అని మొదలుపెడతారు గానీ, ముందు చూడాల్సింది ఈ ఖాళీని. సమాచారానికి ఇక్కడ కొరత లేదు. తెలిసిన సంగతి తెలియాల్సిన మనిషికి, ఓ తేదీతో, ఓ రసీదుతో చేరడం లేదు, అంతే.

అసలు ఊళ్లలో రాత్రిపూట ఎవరుంటున్నారో కూడా చూసుకోవాలి. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటల ప్రాంతమైన ఉద్దానం నుంచి, తీరం వెంట ఉన్న పల్లెల నుంచి, విజయనగరం మెట్ట ఊళ్ల నుంచి పనిచేసే వయసు మగాళ్లు హైదరాబాద్, విశాఖ, చెన్నై వెళ్లిపోతారు. మత్స్యకారులైతే గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి నెలల తరబడి బోట్ల మీదే గడుపుతారు. ఇంకెన్నో ఇళ్లలో కొడుకులు మిలటరీలో ఉన్నారు. ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లు, ఆడవాళ్లు, బడి పిల్లలు. ఇలాంటి చోట "యువకులంతా కర్రలు పట్టుకుని గస్తీ తిరగాలి" అని ఎవరైనా సలహా ఇస్తే అది వినడానికి బాగుంటుంది, మొదటి వారం ఫొటోలు కూడా పడతాయి, తర్వాత తిరిగేవాళ్లే ఉండరు. ఉన్నవాళ్లతో ఏం నడుస్తుందో అదే పెట్టుకోవాలి.

తాళం వేసిన ఇంటి సంగతే తీసుకుందాం. ఇల్లు ఖాళీగా ఉందని దొంగకి చెప్పేది గుమ్మం. రెండు మూడు రోజులుగా ఊడ్చని వాకిలి, ముగ్గు లేని గడప, గేటు లోపల పడి ఉన్న పేపర్లు, పగలంతా వెలుగుతూనే ఉన్న బయటి లైటు, వీటికి మించిన బోర్డు ఇంకోటి అక్కర్లేదు. పక్కింటావిడ తన వాకిలితో పాటు ఆ వాకిలి కూడా ఊడ్చి నాలుగు గీతలు ముగ్గు వేస్తే, సాయంత్రం ఓ లైటు వేసి పొద్దున ఆపితే, దానికి పైసా ఖర్చు లేదు. ఊరెళ్తున్నామని మాత్రం ఆ పక్కింటికి తప్ప ఫేస్‌బుక్‌కి చెప్పకపోవడం మంచిది, తిరుపతి రైలెక్కగానే స్టేటస్ పెట్టేవాళ్లు ఇంటి తాళంచెవి గోడ మీద పెట్టి వెళ్లినట్టే. ఆంధ్రప్రదేశ్ పోలీసులకి తాళం వేసిన ఇళ్ల కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఉంది. యాప్‌లో నమోదు చేసుకుని ఫలానా తేదీల్లో ఉండటం లేదని చెబితే పోలీసులు వచ్చి ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెడతారు, డబ్బులు తీసుకోరు. బయల్దేరే రోజు హడావుడిలో కాకుండా, మీ స్టేషన్‌లో పరికరం అందుబాటులో ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. లేకపోయినా ఆ ఫోన్ వల్ల బీట్ కానిస్టేబుల్‌కి ఆ ఇల్లు ఖాళీ అని తెలుస్తుంది, అదే సగం పని.

ఇక సీసీ కెమెరాలు. చందాలు వేసుకుని వీధి మొదట్లో పెద్ద స్తంభం మీద ఓ కెమెరా బిగించి, "ఈ ప్రాంతం నిఘాలో ఉంది" అని బోర్డు పెట్టేసి మర్చిపోవడం చాలా చోట్ల జరుగుతుంది. అంత ఎత్తు నుంచి వెడల్పుగా చూసే కెమెరాలో బండి వెళ్లింది అని తెలుస్తుంది గానీ నంబరు ప్లేటు కనపడదు. నంబరు కావాలంటే ఇంకో కెమెరా కిందికి, సన్నని దారి వైపు, బండి హెడ్‌లైట్ కళ్లలో పడకుండా పక్కకి తిప్పి పెట్టాలి. అంతకన్నా సాధారణమైన లోపం దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్ పెట్టెలో గడియారం తప్పుగా ఉండటం, లేకపోతే హార్డ్ డిస్క్ ఎప్పుడో చెడిపోయి తెర మీద బొమ్మ కనపడుతున్నా ఏమీ రికార్డు కాకపోవడం. నెలకోసారి ఎవరో ఒకరు నిన్నటి రాత్రి రెండు గంటల దృశ్యం తీసి చూస్తే చాలు, ఈ రెండూ బయటపడతాయి. దుకాణాలు, కల్యాణ మండపాలు, ఆసుపత్రుల్లాంటి, ఒకేసారి వందమంది చేరే చోట్ల కెమెరాలు పెట్టి 30 రోజుల దృశ్యాలు దాచాలని రాష్ట్రంలో 2013 నుంచి చట్టమే ఉంది. వీధి చందాతో కొత్తది కొనేముందు, వీధి మొదట్లో ఉన్న షాపు కెమెరాని కొంచెం రోడ్డు వైపు తిప్పమని అడిగితే చాలాసార్లు పని అయిపోతుంది.

భద్రత పేరుతో జరిగే అన్యాయం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే అది కెమెరా లేకపోవడం కన్నా ప్రమాదం. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి, తెలుగు రాష్ట్రాల్లో పలుచోట్ల అమాయకుల్ని కొట్టారు. బిచ్చమెత్తుకునేవాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు, భాష రాని కూలీలు, వీళ్లే చేతికి చిక్కారు. ఒడిశా సరిహద్దు పక్కనే ఉన్న మన ఊళ్లకి ఒడియా మాట్లాడే మనిషి రావడం ఏమీ వింత కాదు, అయినా రాత్రిపూట ఆ వీడియో ఫోన్‌లో చూసి పడుకున్నవాడికి పొద్దున్నే ప్రతి కొత్త మొహమూ దొంగలాగే కనపడుతుంది. ఏజెన్సీ వైపు, కొండ అంచు ఊళ్లలో ఇంకో పాత జబ్బు ఉంది, చిల్లంగి, అంటే చేతబడి చేశారన్న అనుమానం. ఎవరికో జ్వరం తగ్గకపోతే, పశువు చచ్చిపోతే, ఓ ముసలాయన మీదో ముసలమ్మ మీదో నింద పడుతుంది, అది హత్య దాకా వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. అది ఒక్కరోజులో జరగదు, వారాల తరబడి గుసగుసలు నడుస్తాయి, ఊరందరికీ తెలుస్తుంది. ఆ గుసగుసల దశలోనే ఆశా కార్యకర్తకో, సచివాలయంలోని మహిళా పోలీసుకో, అత్యవసర నంబరు 112కో చెప్పినవాళ్లు ఒక ప్రాణాన్ని కాపాడుతున్నట్టు. కొత్త మనిషి మీద అనుమానం వచ్చినా చేయాల్సింది అంతే: దూరం నుంచి చూడటం, ఫోన్ చేయడం, చెయ్యి వేయకపోవడం.

అయితే నిజం చెప్పాలంటే, దొంగల కన్నా రోడ్డే ఈ జిల్లాల్లో ఎక్కువ ఇళ్లలో చీకటి నింపుతోంది. 16వ నంబరు జాతీయ రహదారి భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఊళ్లని రెండుగా కోసుకుంటూ వెళ్తుంది. ఇల్లు ఇటు, పొలం అటు. బడి ఇటు, బస్టాపు అటు. అండర్‌పాస్ అర కిలోమీటరు అవతల ఉంటే డివైడర్ మధ్యలో ఎవరో రాళ్లు తొలగించి చేసిన సందులోంచే బండి తోస్తారు. తప్పే, కానీ రోజుకి నాలుగుసార్లు పొలానికి వెళ్లే మనిషి ఆ లెక్క ఎందుకు వేసుకుంటాడో అర్థం చేసుకోకుండా తిట్టి లాభం లేదు.

ఇక్కడ ఊరివాళ్లు చేయగలిగిన పని ఒకటుంది, చాలామందికి అది తెలియదు. రోడ్డు మీద సుమారు 500 మీటర్ల ముక్కలో, మూడేళ్లలో ప్రాణాలు పోయిన లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు ఐదు జరిగినా, మూడేళ్లలో మొత్తం పదిమంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్‌గా లెక్కిస్తారు. ఆ ముద్ర పడితేనే సర్వీసు రోడ్డు, అండర్‌పాస్, సిగ్నల్, లైట్లు అన్న మాటలకి ఫైలు కదులుతుంది. ఈ లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? పోలీసు కేసుల నుంచి. మరి మన దగ్గర ఏం జరుగుతుంది? బండి గుద్దినవాడు ఖర్చులకి ఎంతో కొంత ఇస్తాడు, పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తారు, కేసు ఉండదు. కాలు విరిగింది నిజం, ఆ మలుపులో అది ఆరో ప్రమాదం అన్నదీ నిజం, రికార్డులో మాత్రం ఆ మలుపు చాలా సురక్షితమైన చోటు. పరిహారం మాట పక్కన పెడితే, కేసు పెట్టడం అంటే ఆ ప్రమాదం జరిగిందని ప్రభుత్వానికి తెలియజేయడం. కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషన్ పరిధి అన్న గొడవ లేకుండా ఎక్కడైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో ఇచ్చినా, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెడితే నమోదు చేస్తారు. రెండూ 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి.

గాయపడినవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తే తమ మెడకి చుట్టుకుంటుందన్న భయం ఇంకా పోలేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి సాయం చేసినవాళ్లకి రక్షణ ఇచ్చారు. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు గానీ ఆసుపత్రి గానీ బలవంతం చేయకూడదు, డబ్బు కట్టమనకూడదు, వెళ్లిపోతానంటే ఆపకూడదు. వీడియో తీస్తూ నిలబడే పదిమందిలో ఒక్కరికి ఈ సంగతి తెలిసి 108కి ఫోన్ చేసినా చాలు. హైవే మీదైతే 1033 కూడా ఉంది, ఆ రోడ్డు అంబులెన్స్, క్రేన్ దాన్నుంచే వస్తాయి. ఫోన్ చేసేటప్పుడు "పెద్ద చెట్టు దగ్గర" అని కాకుండా రోడ్డు పక్కన ఉన్న కిలోమీటరు రాయి మీది అంకె చెబితే బండి వెతుక్కోకుండా వస్తుంది.

లోపలి రోడ్ల మీద ప్రమాదం వేరే రకం. కోతల కాలం వస్తే ధాన్యం రోడ్డు మీదికి ఎక్కుతుంది. దీనికీ ఓ కారణం ఉంది: కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించితే తిప్పి పంపేస్తారు, ఆరబెట్టుకోవడానికి ఊళ్లో కళ్లాలు లేవు, పైన నవంబరు మబ్బు. రైతు ఏం చేస్తాడు, తారు రోడ్డు వేడిగా ఉంటుంది కాబట్టి అక్కడే పోస్తాడు. బళ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పెడతాడు, చీకటి పడ్డాక నల్ల పరదా కప్పుతాడు. ఆ రాయికి గుద్దుకుని పడేది, అవతల ఊళ్లో డ్యూటీ దిగి రాత్రి తొమ్మిదింటికి బైక్ మీద వచ్చే ఇంకో రైతు కొడుకే. మొత్తానికి ఆపేయమంటే జరగదు. కానీ ఒక వైపే పోయడం, మలుపుల్లో, కల్వర్టుల మీద అసలు పోయకపోవడం, చీకటి పడకముందే రాళ్లు తీసేసి వాటి బదులు ఇసుక బస్తాలకి మెరిసే స్టిక్కర్ అంటించి పెట్టడం, ఇవి పెద్దమనుషులు కూర్చుని ఒక్క సాయంత్రంలో ఒప్పించగలిగే సంగతులు. ఖాళీగా ఉన్న లేఅవుట్లు, సెలవుల్లో బడి మైదానం అడిగి ఇప్పించడం పంచాయతీ చేతిలో పని.

నీళ్ల దగ్గర పోయే ప్రాణాలకైతే దాదాపు ఎప్పుడూ ముందస్తు సూచన ఉంటుంది. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి, అందుకే ఇక్కడ ఎండ కాస్తుండగానే అక్కడ కురిసిన వానకి ఏరు పెరుగుతుంది. ఇసుక తీసిన గోతులు పైకి కనపడవు. నిన్న మోకాలి లోతు ఉన్న చోట ఇవాళ మనిషి మునుగుతాడు. తీరంలో కళింగపట్నం, బారువ, భావనపాడు, విజయనగరం వైపు చింతపల్లి, కార్తీక మాసం పిక్నిక్‌లకి కాలేజీ పిల్లలు వచ్చే చోట్లు. ఎక్కడ కెరటం వెనక్కి లాగుతుందో ఆ ఊరి మత్స్యకారుడికి తెలుసు, టౌను నుంచి బస్సులో వచ్చిన కుర్రాడికి తెలియదు. ఆ రెంటి మధ్యా ఒక బోర్డు, ఒక పొడవాటి తాడు, గాలి నింపిన రెండు లారీ ట్యూబులు ఉంటే బాగుండేదని ప్రతి ఏడూ ఎవరో ఒకరి అంత్యక్రియల తర్వాత అనుకుంటారు. మునుగుతున్నవాణ్ణి పట్టుకోవడానికి ఈత సరిగా రానివాడు దూకితే రెండో ప్రాణం కూడా పోతుంది. తాడో, చీరో, పొడవాటి వెదురో, ఏదైనా అందించాలి గానీ వట్టి చేతులతో దిగకూడదు. సముద్రం లోపలికి లాగుతుంటే ఒడ్డుకి ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా పక్కకి ఈదాలన్న ముక్క బడిలో చెప్పాల్సిన పాఠం.

ఉద్దానానికి ఇంకో బెడద ఎలుగుబంట్లు. జీడిపళ్లు, పనసపళ్లు పండే రోజుల్లో కొండ దిగి తోటల్లోకి వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగుబంటి దాడిలో ఒకరు చనిపోయి పలువురు గాయపడ్డారు. తెల్లవారకముందే ఒంటరిగా తోటకి వెళ్లకపోవడం, మాట్లాడుకుంటూనో డబ్బా వాయిస్తూనో వెళ్లడం, కనపడితే గుంపుగా చుట్టుముట్టి రాళ్లు రువ్వకుండా దానికి దారి వదలడం ముఖ్యం. భయపడిన జంతువు చేసే గాయమే ఎక్కువ.

తుఫాను గురించి ఉద్దానంవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటాక కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమై, కరెంటు లేక రోజుల తరబడి ఊళ్లు ఎలా ఉన్నాయో వాళ్లే చూశారు. అప్పుడు బయటపడిన ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి: ఫోన్ టవర్లు పడిపోయాక వాట్సాప్ గ్రూపు ఉన్నా లేనట్టే. మంచం పట్టినవాళ్లు, నెలలు నిండినవాళ్లు, కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఏ ఏ ఇళ్లలో ఉన్నారో చేత్తో రాసిన జాబితా ఒకటి వార్డు మెంబరు దగ్గర, ఒకటి ఆశా దగ్గర, ఒకటి తుఫాను షెల్టర్ తాళంచెవి ఉన్న మనిషి దగ్గర ఉండాలి. అన్నట్టు, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊళ్లో కనీసం నలుగురికి తెలియాలి.

తీర్థాలు, సంబరాలు ఊరివాళ్లే చేసుకునేవి కాబట్టి వాటి భద్రత కూడా మొదట ఊరివాళ్ల మీదే ఉంటుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరం అంతా పోలీసులే ఉంటారు, ఎందుకంటే ఎంతమంది వస్తారో ముందే లెక్క తెలుసు. ఆ లెక్క లేని చోటే ముప్పు. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు కాశీబుగ్గ వెంకటేశ్వర ఆలయంలో జరిగిన తొక్కిసలాటలో తొమ్మిది మంది చనిపోయారు. గుడి ప్రైవేటుది, జనం అనుకోనంతగా వచ్చారు, మెట్ల దగ్గర రద్దీలో రెయిలింగ్ ఒరిగిపోయింది. ఏ ఊరి కమిటీ అయినా దీన్నుంచి నేర్చుకోవాల్సింది రెండే రెండు. వెళ్లే దారి, వచ్చే దారి ఒకటే అయితే ఆ రోజు దర్శనం ఆపేయాలి లేదా బయటే బ్యాచ్‌లుగా నిలిపి పంపాలి. ఎంతమంది వస్తారో తెలియకపోయినా సరే స్టేషన్‌కి ముందే రాసి ఇవ్వాలి. "మా ఊరి పండగకి పోలీసులెందుకు" అన్న పౌరుషం ఇక్కడ పనికిరాదు.

ఫోన్‌లో జరిగే దొంగతనానికి వీధితో సంబంధం లేదనుకుంటారు గానీ ఉంది. కొడుకు మిలటరీలో ఉన్న తండ్రికి, ఒంటరిగా ఉండే రిటైర్డు టీచరుకి "మీ ఆధార్‌తో డ్రగ్స్ పార్శిల్ వచ్చింది, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, గదిలోంచి కదలొద్దు" అని వీడియో కాల్ వస్తుంది. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదు. మోసగాడి పథకమంతా ఆ మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా చూడటం మీదే నడుస్తుంది, కాబట్టి మధ్యాహ్నం పూట తలుపు తట్టి "ఏం మాస్టారూ, పొద్దుట్నుంచీ బయటికి రాలేదే" అని అడిగే పక్కింటివాడు ఏ యాప్ కన్నా మెరుగు. డబ్బు పోతే సిగ్గుపడి రెండు రోజులు దాచకుండా వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పాలి. అవతలి ఖాతాలోంచి డబ్బు బయటికి పోకముందే ఆపగలిగితేనే తిరిగొచ్చే ఆశ ఉంటుంది, అది గంటల్లో తేలిపోయే వ్యవహారం.

ఇంటి గొడవల మాటకొస్తే, గోడ అవతల ఆడమనిషి అరుపు వినపడితే టీవీ సౌండ్ పెంచడం మన అలవాటు. మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకు అంటారు. మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ 112కి గానీ పక్కింటివాళ్లు కూడా చెప్పొచ్చు, ఆవిడే చేయాలని ఏమీ లేదు. గంజాయి సంగతి తెలిస్తే 1972 ఉంది, అది మత్తుమందుల్ని అరికట్టే ఈగల్ విభాగం నంబరు. అమ్మేవాడి పేరు చెప్పడానికి భయమైతే చోటు, వేళ చెప్పినా సరిపోతుంది.

ఇంతకీ జనం ఎందుకు చెప్పరు? స్టేషన్‌కి వెళ్తే మనల్నే నిలదీస్తారని, చెప్పిన సంగతి అవతలివాడికి తెలిసిపోతుందని, ఇద్దరూ ఒకే కులమో ఒకే పార్టీనో కాబట్టి రేపు మొహాలు చూసుకోవాలని. ఈ భయాలు ఉత్తవి కావు, చిన్న ఊళ్లో మాట దాగదు. అందుకే ఒక్క మనిషి మీద భారం పడని పద్ధతి కావాలి. డ్వాక్రా సంఘం, యువజన సంఘం, రిటైర్డు ఉద్యోగుల సంఘం, ఏదో ఒకటి తన పేరు మీద ఇస్తే అది ఎవరి పగా కాదు. లైటు, బావి, తీగ, రోడ్డు లాంటి వాటికి అసలు శత్రువే లేడు, మొదలు అక్కడి నుంచి పెట్టడం తేలిక. ఒకసారి లైటు వెలిగితే, చెబితే జరుగుతుందన్న నమ్మకం కుదురుతుంది, తర్వాత కష్టమైన సంగతులు కూడా బయటికొస్తాయి.

వాట్సాప్ గ్రూపు పెట్టేవాళ్లు దాన్ని గుడ్ మార్నింగ్ పువ్వులకి, పార్టీ తగాదాలకి వదిలేస్తే రెండు వారాల్లో అందరూ మ్యూట్ చేసేస్తారు. భద్రతకి వేరే గ్రూపు పెట్టి, అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా సెట్ చేసి, ఏదైనా వీడియో వస్తే అది ఎక్కడిది, ఎప్పటిది అని బీట్ కానిస్టేబుల్‌నో మహిళా పోలీసునో అడిగాకే పెట్టాలి. ఇక అర్జీ. సోమవారం కలెక్టరేట్‌లో, ఎస్పీ ఆఫీసులో జరిగే గ్రీవెన్స్‌కి వెళ్లేవాళ్లు ఒకే కాగితం మీద పన్నెండు సమస్యలు రాస్తారు, అది ఏ శాఖకి పంపాలో ఎవరికీ తెలియక తిరుగుతూ ఉంటుంది. ఒక్క అర్జీలో ఒక్కటే సమస్య ఉండాలి. కరెంటు స్తంభం మీద రాసి ఉన్న నంబరు, ఫొటో, ఎన్నాళ్ల నుంచి ఉందో తేదీ, అంతకుముందు ఎవరికి చెప్పారో అన్నీ ఉండాలి. తీగ తెగినా వేలాడినా అంతదాకా ఆగకుండా 1912కి చెప్పాలి. అర్జీ ఇచ్చాక రసీదు నంబరు తీసుకోవాలి, ప్రభుత్వ కాల్ సెంటర్ 1100కి ఫోన్ చేస్తే ఆ అర్జీ ఎక్కడుందో చెబుతారు. పని జరగకుండానే "పరిష్కరించాం" అని మెసేజ్ వస్తే ఊరుకోకుండా మళ్లీ తెరిపించాలి, మన దగ్గర చాలా అర్జీలు ఆ మెసేజ్‌తోనే చచ్చిపోతాయి. లైన్‌మన్ వచ్చి తీగ సరిచేసి వెళ్తే ఆ సాయంత్రమే గ్రూపులో అతని పేరు రాసి మెచ్చుకోవాలి, వచ్చే వానాకాలం అర్ధరాత్రి ఫోన్ చేసినప్పుడు అతను ఎత్తుతాడు.